బి సైడు పెట్టొద్దు

నాగేందర్ అందరి కళ్లకు కండువాలు కట్టిస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం, మొయినాబాద్‌లో తన ఫామ్‌హౌస్. బిర్యానీ తిని కునుకు మీదున్న ఆరుగురు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. అందరూ అతని టీమే.

పందెం అలాంటిది మరి. గోడ పొడవునా అల్మారాల్లో ఇరవై మూడు పాత టేప్ రికార్డర్లు. అవంటే నాగేందర్‌కు ప్రాణం. పగలంతా కంప్యూటర్ల మీద బతుకుతూ, కంప్యూటర్ పాటకు ఆత్మ లేదని తిట్టడం అతని అలవాటు. ఈ ఆత్మ గోల విని విని విసిగిపోయిన అరుణశ్రీ, పక్క టీమ్ మేనేజర్, తన కొత్త స్పీకర్ చంకన పెట్టుకుని వచ్చింది. ఒకే పాట రెండింట్లో వినిపించాలి. ఆత్మ ఎందులో ఉందో కళ్లు మూసుకుని చెప్పాలి. స్పీకర్ గెలిస్తే ఇరవై మూడూ పాత సామాన్ల బండికి.

నాగేందర్ ఇరవై మూడింటినీ ఒకసారి కళ్లారా చూసుకున్నాడు. అయినా హన్మయ్య మీద నమ్మకం. చేవెళ్ల బస్టాండు దగ్గర ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే హన్మయ్య. బెల్టులు దొరకవు, హెడ్లు రావు అని హైదరాబాద్‌లో అందరూ చేతులెత్తేసిన సెట్లను వారం తిరక్కుండా పాడించి ఇచ్చాడు. కాకపోతే పట్టింపులు ఎక్కువ. సెట్టుతో పాటు క్యాసెట్టు కూడా ఇచ్చిపొమ్మంటాడు.

"ఒక సెట్టుకు ఒకటే క్యాసెట్ సార్. వేరేది పెడితే నాకు జిమ్మేదారి లేదు. బి సైడు అసలే పెట్టకు. ఎనక స్క్రూలు ఇప్పకు."

"ఎందుకన్నా?"

"పాత పానం గద సార్. అలవాటైన పాటనే పాడుతది."

ఈ ముక్కనే నాగేందర్ ఇంగ్లిషులోకి మార్చి ఆఫీసులో గంటసేపు చెప్పాడు.

ముందు స్పీకర్‌లో నాట్ల పాట వచ్చింది. నెట్‌లో వెతికి తెచ్చింది అరుణశ్రీ. తర్వాత వెండిరంగు టేపు మీట టక్కుమంది. అదే పాట.

"రెండోది! మట్టి వాసనొస్తున్నదన్నా!" అన్నాడు గోవర్ధన్. వచ్చే నెల అతని ప్రమోషన్ ఫైలు నాగేందర్ ముందుకు రావాలి.

మిగతా ఐదుగురికీ అదే వాసన తగిలింది. ఒకామెకు కన్నీళ్లు కూడా వచ్చాయి.

సరదాకు కండువా కట్టించుకున్న వాచ్‌మన్ ఈశ్వరయ్య మాత్రం తల గోక్కున్నాడు. "నాకైతే రెండు ఒక్కతీర్గనే ఇనవడ్డయ్ సార్."

"నువ్వు జర దవాఖానల చెవులు చూపిచ్చుకో" అన్నాడు నాగేందర్. అందరూ పగలబడి నవ్వారు.

కండువాలు విప్పారు. పాట ఇంకా సాగుతూనే ఉంది. అరుణశ్రీ పాపం, మంచి మనిషి. ఓటమిని దాచుకోలేదు.

"ఒప్పుకున్న నాగేందర్. జర గరగర కూడ లేదు, ఎంత సాఫ్‌గ పాడుతున్నది!"

"మనిషి చెయ్యి వడ్డ మిషిను అట్లనే ఉంటది" నాగేందర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చిప్పులకేం తెలుసు ఆత్మ అంటే?"

"ఏదీ, ఆ క్యాసెట్ ఒక్కసారి చూడనీ."

"ఆగాగు, ముందుగాల బంద్ చెయ్యాలె..."

అప్పటికే ఆమె టేపు తలుపు తెరిచి క్యాసెట్‌ను బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది. నాట్ల పాట మాత్రం గరగర లేకుండా అలా వస్తూనే ఉంది.