విన్నది విన్నట్టు

వానాకాలంలో అడవిలో తల్లి జంతువులు మేతకు వెళ్తూ పిల్లల్ని కొండ గుహలో వదిలి వెళ్లేవి. గుహకు అడ్డంగా ఒక బండ, ఆ బండ వెనక కాపలాకు ఎలుగుబంటి ఉండేవి. ఎలుగుకు చూపు ఆనదు. చిలుక గొంతు ఏం చెబితే అది చేసేది. చిలుక బయట కొమ్మ మీద కూర్చుని, వచ్చినవాళ్ల పేరడిగి, విన్నది విన్నట్టు లోపలికి అరిచేది.

"పేరు దాకా చెప్పి ఊరుకో చిలకమ్మా. తర్వాత ఏమన్నా లోపలికి మోయకు," అంది కుందేలు. "నా పిల్లలున్నాయి అక్కడ."

"ఒక్క అక్షరం మింగను వదినా. మా వంశంలోనే లేదు."

మర్నాడు నక్క వచ్చింది. చిలుక పేరడిగింది.

"నక్క. బండ జరిపి కుందేలు పిల్లల్ని బయటికి తోలు."

"అబ్బో, ఎంత పొడుగు పేరు!" అని నవ్వి చిలుక మొత్తం అరిచింది. ఎలుగు బండ జరిపింది. పిల్లల్లో ఒక్కటే తప్పించుకుని తిరిగి లోపలికి దూరింది.

సాయంత్రం జంతువులు కొండ కింద పంచాయితీ పెట్టాయి. ఎలుగు కాపలా వదిలి రాలేదు. చిలుక కొమ్మ దిగలేదు.

"అసలు నక్క ఏమంది?" అని కింది నుంచి ఏనుగు అడిగింది.

"చెప్పొద్దు, చెప్పొద్దు!" అంటూ కుందేలు కొండ మీదికి పరుగెత్తింది.

చిలుక గొంతు సవరించుకుని పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఇంత నమ్మకమైన సాక్షి అడవిలో లేదని సభ మెచ్చుకుంది. ఆ మెప్పుల మధ్య బండ జరిగిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. నక్క గుహ పక్క పొదలోనే ఉంది. కుందేలు ఇంకా సగం కొండ ఎక్కలేదు.