గంగులప్ప బొటనవేలు

అంబులెన్స్ పుంగనూరు దాటేసరికి చీకటి పడింది. శాంతిపురం గ్రానైట్ మిషన్‌లో తెగిన గంగులప్ప కుడి బొటనవేలు నర్సు ఝాన్సీ ఒళ్లో, ఐసు పెట్టెలో ఉంది. మదనపల్లెలో దాన్ని అతికించాలి.

మదనపల్లె ఆసుపత్రి నుంచి రికార్డులు చూసే ఆనంద్ ఫోన్ చేశాడు. "సిస్టర్, ఆపరేషన్ వద్దని మీ పేషెంట్ ఇప్పుడే వేలిముద్ర ఏసినాడు. బ్లాక్‌చైన్‌లో ఎక్కిపోయినాది. ఇంక దేవుడొచ్చినా తుడపలేడు. డాక్టరు ముట్టుకోడు."

"యా వేలప్పా?"

"కుడి బొటనవేలు. మీ బండిలో మిషన్ మీదే."

అంబులెన్స్ గోడకున్న వేలిముద్ర స్కానర్ అద్దం ఐసు నీళ్లతో తడిగా ఉంది.

"వద్దన్నావా గంగులప్పన్నా?"

స్ట్రెచర్ మీద గంగులప్ప కళ్లు తెరవలేదు. "వేలు లేకుంటే కూలెట్ట చేసేదమ్మా? నేను అతికించమనే అంటాండా. అదేమంటాదో దాన్నే అడుగు."

పెట్టెలో ఐసు కదిలింది. ఝాన్సీ రెండు చేతులతో మూత అదిమి పట్టుకుంది.