గురువారం ఉత్తరం

"ఇంకా ఆ ప్రొఫైలేనా? శుక్రవారం సెలవు పూటైనా కాస్త నడుం వాల్చచ్చు కదండీ," అంది సులోచన, ల్యాప్‌టాప్ పక్కన టీ గ్లాసు పెడుతూ.

కృష్ణప్రసాద్ కళ్ళు నులుముకున్నాడు. నడుం వాలిస్తే మాత్రం నిద్ర పట్టొద్దూ? నిన్న డ్యూటీ దిగే వేళకు మేనేజర్ పిలిచి చేతిలో ఉత్తరం పెట్టాడు. స్టోర్‌కీపర్ ఉద్యోగం నెలాఖరుతో ఖలాస్. పదకొండేళ్ళ చాకిరీకి మూడు లైన్ల కాగితం! ఆలోగా బహ్రెయిన్‌లో ఇంకో కంపెనీ దొరక్కపోతే వీసా పోతుంది, పెట్టే బేడా సర్దుకుని విమానం ఎక్కడమే. ఆ ఉత్తరం ఇంకా బ్యాగులోనే ఉంది.

"సంగతి చెప్పారా మరి?" గొంతు తగ్గించి అడిగింది.

"ఏ మొహం పెట్టుకుని చెప్పనూ?"

"ఇలా ప్రొఫైల్ పెట్టారని మీ మేనేజర్‌కి తెలిస్తే?"

"తెలిస్తే తెలియనీ. ఏం చేస్తాడు?" అన్నాడు.

నైపుణ్యాలు రాయమంటోంది ఉద్యోగాల సైటు. ఎవరి డప్పయినా కొట్టడం కృష్ణప్రసాద్‌కి బొత్తిగా చేతకాదు. 'నిజాయితీ, కష్టపడే తత్వం' అని రాసి ఊరుకున్నాడు. కూతురు అపూర్వ వెనక నుంచి తొంగి చూసింది.

"అబ్బ, నాన్నా! అది అందరూ రాసేదే. చేసిన పని ఒకటి చూపించాలి."

వానలకు గోడౌన్‌లోకి నీళ్ళొచ్చిన రోజు గుర్తొచ్చింది. రెండు వేల పెట్టెలు పై అరల్లోకి ఎక్కించారు, ఒక్కటీ తడవలేదు. అప్పుడు మెచ్చుకోలుగా ఎవడూ ఒక్క ముక్క అనలేదు. అదే రాశాడు.

నవ్వుతున్న ఫోటో కావాలట. ఫోనంతా గాలిస్తే కంపెనీ ఇఫ్తార్‌ నాటి గ్రూపు ఫోటో దొరికింది. అందులోంచి ముఖం కత్తిరించి పెట్టాడు. భుజం మీద పక్కమనిషి చెయ్యి అలాగే మిగిలిపోయింది. ఫోన్ నంబరు దగ్గర కాస్త ఆగి, తనదే ఇచ్చాడు.

శనివారం మధ్యాహ్నం దాకా పలికిన నాథుడు లేడు. భోజనం సగంలో ఉండగా మెసేజ్ వచ్చింది.

'వాన రోజు సంగతి చదివాం. సోమవారం పదింటికి హిద్ పోర్టు ఆఫీసులో ఇంటర్వ్యూ.'

"హమ్మయ్య!" సులోచన చేతులు జోడించింది. "ఇచ్చేస్తారంటారా?"

"పిలిచారు. ముందు అది చాలే," అన్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి అన్నం రుచి తెలిసింది.

ఆదివారం ఉదయం ఆఫీసు తెరవగానే హెచ్‌ఆర్ ఆఫీసర్ కృష్ణప్రసాద్ గోడౌన్‌కి నడిచి వెళ్ళి, అందజేయమని మేనేజర్ ఇచ్చిన ఆ ఉత్తరాన్నీ, మెసేజ్‌లోని ఇంటర్వ్యూ వివరాలు రాసి దానికి పిన్ను కొట్టిన చీటీనీ స్టోర్‌కీపర్ దేవేందర్ చేతిలో పెట్టాడు.