ఫ్రెంచి అరుగుదల

కొత్త అలమరకు నిన్న రంగు వేయించి, ఇవాళ ఆ రంగునే గీకిస్తోంది మా కోడలు. వంటగది గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని చూస్తున్నాను. చెద పట్టిందని పాత అలమర పారేశారు. నా భార్య నలభై ఏళ్లు వాడినది. ఆవిడ పోయి ఏడాదన్నా కాలేదు, అప్పుడే ఆనవాళ్లు చెరిపేస్తున్నారని నా గొడవ.

"ఇదేం పిచ్చమ్మా?"

"ఫ్రెంచి పద్ధతి మామయ్యా. ఎన్నో ఏళ్లు వాడినట్టు కనబడాలి."

"వాళ్లు రాజు తలకాయే ఉంచలేదు. పాతవంటే అంత మోజని నేనెక్కడా చదవలేదు."

రంగులవాడు గరుకు కాగితంతో నావైపు తిరిగాడు. "ఎక్కడపడితే అక్కడ గీకితే దొంగపని తెలిసిపోతుంది పెద్దాయనా. పెద్దమ్మగారి చెయ్యి ఎక్కడ పడేదో చెప్పండి."

నాకు తెలియదు.

కోడలు వంగి, తలుపు మీద మోకాలి ఎత్తున చూపించింది. "ఇక్కడ. అత్తయ్యకి రెండు చేతుల్లోనూ గిన్నెలే కదా, మోకాలితో మూసేవారు." తరవాత పై అర అంచు చూపించింది. "నడుం పట్టేస్తే ఇది పట్టుకుని నిలబడేవారు."

కోడలు ఈ ఇంటికొచ్చి మూడేళ్లే.

"మీరూ ఒకటి చెప్పండి మామయ్యా."

చాలాసేపు ఆలోచించి గుమ్మం చూపించాను. నేను పేజీ పూర్తిచేసి తలెత్తేదాకా ఆవిడ కాఫీ గ్లాసుతో అక్కడ ఆనుకుని నిలబడేది. నాకు తెలిసింది అదొక్కటే.

రంగులవాడు గుమ్మాన్ని వేలితో తడిమాడు.

"దీన్ని గీకే పనిలేదు పెద్దాయనా. బాగా అరిగిపోయే ఉంది."