టాపు వీసా

"మళ్లీ అడుగుతున్నా. ఎందుకు వెళ్తున్నావు?"

"తిరిగి చూసెతందుకు," అన్నాడు భూమేశ్.

"ఎన్ని రోజులు?"

"పన్నెండు రోజులు. హోటల్ బుక్ అయింది."

వ్యాన్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చున్న మహీధర్ తల ఊపాడు. షార్జా దాటినప్పటి నుంచి ఎయిర్‌పోర్ట్‌లో అడుగుతారని అతను ఈ ప్రశ్నలు అడగడం ఇది నాలుగోసారి. ముగ్గురి పాస్‌పోర్ట్‌లూ ఏజెంటైన అతని చేతిసంచిలోనే ఉన్నాయి.

వెళ్లేది పసిఫిక్ సముద్రంలోని ఒక చిన్న ద్వీప దేశానికి. దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. లేబర్ క్యాంపులో అందరూ హిందీ మాటతో 'టాపు' అనేవారు. అక్కడ చేపల ఫ్యాక్టరీలో పని, ఉండడానికి గది, మూడేళ్ల రెసిడెన్స్ పర్మిట్ అని మహీధర్ చెప్పాడు.

భూమేశ్‌కి అంతకన్నా వేరే దారి కనిపించలేదు. షార్జా శివారు సజ్జాలో అతను పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి వీసా రద్దయింది. దేశం వదిలి వెళ్లడానికి ఇంకా తొమ్మిది రోజులే గడువుంది. కొత్త దేశం వీసా దొరికిందని భార్య వాసంతికి ఫోన్లో చెప్పేశాడు కూడా. పక్కన కూర్చున్న అబ్బులుదీ అదే పరిస్థితి. అతను అమలాపురం వైపు మనిషి, వెల్డర్. క్యాంపు బస్సు డ్రైవర్ జిలానీ బాషా ఇదంతా మోసమన్నందుకు ఇద్దరూ అతనితో మాటలు మానేశారు.

మూడో మనిషి హన్మాండ్లుకు యాభై దాటాయి. వారం కిందట తనే మహీధర్‌ని వెతుక్కుంటూ వచ్చి, నేను గూడ పోత అన్నాడు. ఈ వయసులో టాపుకెందుకని భూమేశ్ అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

"నువ్వు చెప్పు పెద్దాయనా, ఎందుకు వెళ్తున్నావు?"

"పర్మిట్ కాగితం ఎప్పుడిస్తవ్ సార్?" అన్నాడు హన్మాండ్లు.

మహీధర్ మొహం మారింది. "ఎన్నిసార్లు చెప్పాలి? దిగగానే నెల రోజుల విజిట్ పర్మిట్ కొడతారు. కంపెనీ మనిషి వచ్చి దాన్ని వర్క్ పర్మిట్‌గా మార్పిస్తాడు. దాని మీద రెసిడెన్స్ వస్తుంది. ఇక్కడి నుంచే వర్క్ పర్మిట్ కావాలంటే ఆరు నెలలు. అంతవరకూ ఆగుతారా?"

"ఆ నెల రోజులల్ల మార్పియ్యకుంటే?"

"మార్పిస్తాడు."

"మార్పియ్యకుంటే మేం ఎవలకు చెప్పుకోవాలె?"

"కాకా," అన్నాడు భూమేశ్, గొంతు తగ్గించి. "భయమైతే నువ్వు దిగిపో. మా నోట్లె మన్ను గొట్టకు."

"అవునండీ, బయల్దేరేటప్పుడు ఈ గోలేంటండీ," అన్నాడు అబ్బులు.

హన్మాండ్లు ఇద్దరి మొహాలూ కాసేపు చూశాడు. తర్వాత మహీధర్ వైపు తిరిగి, "చూసెతందుకే పోతున్న సార్. పన్నెండు రోజులు," అన్నాడు.

ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ ముందు వరస తక్కువగానే ఉంది. మహీధర్ పాస్‌పోర్ట్‌లు పంచి, తను దూరంగా స్తంభం పక్కన నిలబడ్డాడు. ముగ్గురికీ ఒకే టికెట్ బుకింగ్.

కౌంటర్‌లో అమ్మాయి హిందీలో అడిగింది. భూమేశ్ నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెప్పాడు. హోటల్ కాగితం చూపించాడు. అమ్మాయి తల ఊపింది. అబ్బులు కూడా తడబడకుండా గట్టెక్కాడు. బోర్డింగ్ పాసులు రెండు బయటికొచ్చాయి.

"మీరు ఎందుకు వెళ్తున్నారు?"

"పనికి," అన్నాడు హన్మాండ్లు.

అమ్మాయి చేతులు కీబోర్డు మీద ఆగాయి. "ఏం పని?"

"చేపల ఫ్యాక్టరీల. ముగ్గురం. పర్మిట్ అక్కడిస్తరంట."

"కాదు మేడం, ఆయనకు తెల్వదు," అని భూమేశ్ అడ్డం పడ్డాడు. అమ్మాయి అప్పటికే ఫోన్ ఎత్తింది.

వచ్చిన అధికారి మూడు హోటల్ కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. వాటి మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. వర్క్ పర్మిట్ లేకుండా పనికి వెళ్లేవాళ్లను విమానం ఎక్కించడం కుదరదని చెప్పి, బోర్డింగ్ పాసులు తీసుకుని పాస్‌పోర్ట్‌లు తిరిగి ఇచ్చేశాడు.

భూమేశ్ వెనక్కి తిరిగేసరికి స్తంభం దగ్గర మహీధర్ లేడు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

బయట టాక్సీల దగ్గర ఎండ మాడ్చేస్తోంది. భూమేశ్ హన్మాండ్లు కాలర్ పట్టుకున్నాడు.

"నోరు జారినవా, కావాల్ననే అన్నవా?"

"కావాల్ననే."

"నా ఇంటిదానికి ఏం చెప్పాలె నేను? తొమ్మిది రోజులల్ల నాకు ఇంకో వీసా ఎవడిస్తడు?"

హన్మాండ్లు ఆ చేతిని విడిపించుకోలేదు. అబ్బులు సూట్‌కేసు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"మా కంపెనీ నడిపే ముదీర్‌ను అడిగిన," అన్నాడు హన్మాండ్లు. "మీ ఇద్దరి గురించి. ఇస్త అనలే, లేదనలే. రేపు పొద్దుగాల తోల్కరమ్మన్నడు."

భూమేశ్ పట్టు సడలింది. "నీకు కంపెనీ ఉన్నదా?"

"ఉన్నది. జెబెల్ అలీల. జిలానీ చెప్పినా మీరు వినలేదంటే, ఈ నాలుగు రోజులు సెలవు పెట్టిన."

"పని పెట్టుకొని టాపుకెందుకు బయల్దేరినవ్ మరి? మా బతుకు చెడగొట్టెతందుకా?"

హన్మాండ్లు భూమేశ్ చేతిలో నలుగుతున్న పాస్‌పోర్ట్‌ని మెల్లగా తీసుకుని, అతని చొక్కా జేబులో పెట్టి, గుండీ పెట్టాడు.

"ఆ టాపుల పనిచేసిన మూడేండ్లు నా పాస్‌పోర్ట్ నాకు కనబడలే బిడ్డా."