సాగనంపే శ్లోకం

దర్జీ తొమ్మిదేళ్లుగా రోజూ రాత్రి ఖాళీ పీట ముందు కూర్చుని, అమ్మ నేర్పిన శ్లోకం గడగడా చదివేవాడు. అర్థం అడిగిన పాపాన పోలేదు.

ఇవాళ కొత్త పుస్తకంలో తాత్పర్యం కనబడింది. "వచ్చి ఈ పీట మీద కూర్చో. నేను సాగనంపేదాకా కదలకు." కిందే సాగనంపే శ్లోకం ఉంది. అమ్మ పుస్తకంలో ఆ పేజీ ఎప్పుడో చిరిగిపోయింది.

దేవుడే కదా, అని ధైర్యం చెప్పుకుని పీట తాకాడు. వెచ్చగా ఉంది.

వీధి తలుపు బార్లా తెరిచి, గడప దగ్గరే నిలబడి, తడబడుతూ చదివాడు. "నీ చోటికి నువ్వు వెళ్లు" అని దానర్థం.

పీట కిర్రుమంది. అడుగుల చప్పుడు అతనివైపు రాలేదు, పడకగదిలోకి వెళ్లింది.

లోపల్నించి కూతురు నిద్రమత్తులో విసుక్కుంది. "కాస్త అటు జరుగు నాన్నా, ఇరుగ్గా ఉంది."