ఎడం మోకాలి మీద చుక్క

“ఇది బాంబరా, కొత్తల్లుడి పరుపా?” అన్నాడు జక్కయ్య, సీటును అరచేత్తో నొక్కి చూసి.

తేజేశ్వర్ మొహం వాడిపోయింది. మంగళగిరిలో చీరల కొట్టు వెనక గదిలో తను కట్టిన సిమ్యులేటర్ అది. కొండపల్లి వడ్రంగి చేసిన చెక్క కాక్‌పిట్, ఎదురుగా పెద్ద తెర. కూర్చుంటే పాతకాలపు లిబరేటర్ బాంబర్ నడుపుతున్నట్టే ఉండాలి. ఆదివారం గన్నవరంలో ఇలాంటి సిమ్యులేటర్ల పోటీ. గెలవకపోతే సోమవారం నుంచి కొట్లో చీరలు మడతపెట్టాలని తండ్రి దుర్గాశంకర్ తేల్చేశాడు.

అందుకే తేజేశ్వర్ మేడ మీద వాటాలో కొత్తగా అద్దెకు దిగిన జక్కయ్యను పిలిచాడు. వయసులో బాంబర్లు నడిపానని ఆయన చెప్పని రోజు లేదు. కొల్లేరు మీద కొంగల గుంపు అడ్డమొస్తే కిటికీలోంచి తల బయటపెట్టి అదిలించిన మనిషి మరి!

“ఇంత మెత్తగా ఉంటే యుద్ధమేం చేస్తారు నాయనా, నిద్రపోతారు. ఆ రెక్సిన్ చింపెయ్. కొబ్బరిపీచు గుచ్చుకోవాలి.”

తేజేశ్వర్ చింపాడు.

“అద్దాలు బిగించేశావేం? వదులు చెయ్. ఇంజను అందుకుంటే మన పళ్లతో పాటు అవీ గలగలలాడాలి. వానొస్తే పైరేకు సందులోంచి చుక్క పడాలి. అదీ ఎడం మోకాలి మీదే.”

“పుస్తకాల్లో ఇవేవీ లేవండీ.”

“పుస్తకం రాసినోడు ఎక్కాడా, నేనెక్కానా?”

“సరేనండీ. వెనక బాంబులేసేవాడితో మాట్లాడ్డానికి హెడ్‌ఫోన్ పెట్టాను.”

“ఆ రొదలో ఏం వినపడుద్ది? వాడి దగ్గర్నుంచి నా దాకా ఒక తాడు, చివర గంట. అది మోగితేనే నేను కదిలేది.”

అద్దాలు వదులు చేసి, పైరేకు సందులో నీళ్ల సీసా అమర్చి, తాడూ గంటా కట్టాడు తేజేశ్వర్.

పోటీకి న్యాయనిర్ణేత తిరుపతిరావు. గుబురు మీసం, మండుటెండలోనూ తోలు కోటు. ఊరంతా ‘వింగ్ కమాండర్ గారూ’ అంటుంటే నిర్వాహకులూ అలాగే పిలిచి పెద్ద కుర్చీ వేశారు. ముందొచ్చిన విమానాలన్నిటినీ ఆయన ఎక్కీ ఎక్కకుండానే తోసేశాడు.

“అన్నీ బొమ్మలే! ప్రాణం ఏదయ్యా?”

తేజేశ్వర్ వంతు వచ్చింది. సీటులో కూర్చోగానే పీచు గుచ్చుకుని తిరుపతిరావు ఉలిక్కిపడ్డాడు. అద్దాలు గలగలలాడాయి. తెర మీద వాన మొదలైంది. చుక్క పడబోయే ముందే ఆయన ఎడం మోకాలు దానంతటదే పక్కకు జరిగింది. వెనక నుంచి తేజేశ్వర్ తాడు లాగి గంట మోగించేసరికి చెయ్యి తడుముకోకుండా లీవరు మీదికి పోయింది.

దిగుతూ కళ్లు తుడుచుకున్నాడు.

“అచ్చం ఇదే బాబూ! నా వయసంతా దీన్లోనే అరిగిపోయింది. మొదటి బహుమతి నీదే.”

దుర్గాశంకర్ చేతిలో ఆడిస్తున్న కొట్టు తాళాలు మెల్లగా జేబులో వేసుకున్నాడు.

“వివరాలన్నీ మా జక్కయ్య గారివేనండీ. ఆయనా బాంబర్లు నడిపారు” అంటూ తేజేశ్వర్ ఆయన్ని ముందుకు లాక్కొచ్చాడు.

జక్కయ్య మొహాన నెత్తురు చుక్క లేదు. ఎదురుగా ఉన్నది అసలు పైలట్. ఏ స్క్వాడ్రన్ అని అడిగాడంటే కుర్రాడి బహుమతీ పోతుంది, తన పరువూ పోతుంది.

తిరుపతిరావు ఆయన్ని గట్టిగా కావిలించుకుని, చెవిలో గుసగుసగా అడిగాడు:

“మన బస్సేగా అది, తమరిది ఏ డిపో అండీ?”